ల్యాబ్‌లో ఎంతైంది?

మా రైల్వే ఊరు బిలాస్‌పూర్‌లో ప్రతి పనికీ ఒక రేటు రాసిపెట్టి ఉంటుంది. ప్లాట్‌ఫాం టికెట్టు పది రూపాయలు. బండి నడిపే లోకో పైలట్‌కి కిలోమీటర్ల లెక్కన మైలేజీ. రాత్రి పది దాటాక డ్యూటీలో ఉంటే నైట్ డ్యూటీ అలవెన్సు. హెడ్‌క్వార్టర్సు వదిలి వెళ్తే టీఏ. డీఏ ఎంత శాతం పెరిగిందో బుధవారీ బజార్లో వంకాయలమ్మే ఆమెకి కూడా ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ఈ ఊరు కేంద్రమయ్యాక లెక్కలు రాసేవాళ్ళు ఇంకా పెరిగారు. ఇన్ని లెక్కలు తెలిసిన ఊళ్ళో రేటు లేని సరుకు ఒక్కటే మిగిలింది. కొత్తగా కెమెరా పట్టిన కుర్రాడు తీసి, ప్రింటు వేయించి, అమ్మకానికి పెట్టిన ఫొటో.

దాని ధర ఎవరూ అడగరు. దాని ఖర్చు అడుగుతారు. "ల్యాబ్‌లో ఎంతైంది?" తోర్వాలో అదే ప్రశ్న, తార్‌బహార్‌లో అదే ప్రశ్న, బారా ఖోలీలో తెలుగులో, బంగ్లా యార్డులో హిందీలో అదే ప్రశ్న. చీర కొన్నప్పుడు నూలు ఎంతకి తెచ్చావని అడగని మనిషి, డాక్టరు రెండు నిమిషాలు చూసి ఐదొందలు తీసుకుంటే కాగితం ఖరీదెంతని అడగని మనిషి, ఫొటో దగ్గరికొచ్చేసరికి ఆడిట్ ఆఫీసరైపోతాడు.

అమ్మవారి పూజల రోజుల్లో బారా ఖోలీ వైపు పెట్టే దుకాణాల వరసలో ఒక బల్ల చూశాను. మడతబల్ల, దానిమీద ఉతికిన దుప్పటి, దుప్పటి మీద నిలబెట్టిన ఏడెనిమిది ప్రింట్లు. నన్ను ఆపింది ఒకటి. డిసెంబరు పొగమంచులో బొగ్గు బండి చివరి వ్యాగన్ వెళ్ళిపోతోంది. వెనక ఎర్రదీపం మంచులో కరిగి గుడ్డిగా కనిపిస్తోంది. దానికి ఇటుపక్క భుజాన సుత్తి పెట్టుకున్న ట్రాక్‌మ్యాన్ ఒకడు. మఫ్లరు చెవులకి బిగించి, ఆ దీపం వంక కాకుండా కాళ్ళ కింద కంకర వంక చూసుకుంటూ నడుస్తున్నాడు. చూపు ఎక్కడ పడాలో తెలిసినవాడు తీసిన బొమ్మ అది. 12 బై 18 సైజు, మ్యాట్ ఫినిషు, నల్ల మౌంట్. ధర రాసి లేదు.

పక్కనే ఒక పెద్దాయన. రిటైరైన లోకో పైలట్ అని మాటల్లో తెలిసింది.

"ఎంతరా నాన్నా ఇది?"

"ఐదొందలు మావయ్యా."

"ల్యాబ్‌లో ఎంతైంది?"

"నూట ఇరవై..."

"నూట ఇరవైది ఐదొందలా! మనోడివై ఉండి మన దగ్గరేనా? ఇదిగో రెండొందలుంచు."

వాడు ఉంచుకున్నాడు. పైగా నవ్వాడు. ప్రింటుని పాత పేపర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, రెండు చేతులతో అందించాడు.

పెద్దాయన మీద నాకు కోపం లేదనను, ఉంది. ముప్ఫై ఏళ్ళు ఈయన కోర్బా నుంచి బొగ్గు లాగాడు. ఒక్కనాడైనా జీతం బిల్లు దగ్గర ఎవరైనా "ఇంజన్‌కి కరెంటెంత కాలిందండీ, అది ఇస్తాం తీసుకోండి" అన్నారా? అని ఉంటే యూనియన్ జెండా పట్టుకుని డీఆర్ఎం ఆఫీసు ముందు కూర్చునేవాడు, కూర్చోవాలి కూడా. ఆయన చేసిన పనిలో కరెంటు ఒక పద్దు, ఇనుము ఒక పద్దు, ఆయన కళ్ళూ రాత్రులూ ఇంకో పద్దు. ఆ మూడో పద్దుకే పే కమిషన్లు వచ్చాయి, పోరాటాలు జరిగాయి, కుటుంబం గడిచింది, పిల్లలు చదివారు. శ్రమకి గంటల లెక్కన, మైళ్ళ లెక్కన విలువ కట్టించుకున్న జాతి మనది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పార్వతీపురం, పలాస వైపు నుంచి వచ్చి ఈ పట్టాల పక్కన స్థిరపడిన వాళ్ళ మనవలం. అదే చేత్తో మన ఇంటి పిల్లవాడి కళ్ళకీ రాత్రులకీ సున్నా వేస్తున్నామే, సిగ్గనిపించదా?

కానీ అసలు కోపం ఆ కుర్రాడి మీద. ధర రాయలేదు, అది మొదటి తప్పు. నూట ఇరవై అని నోరు జారాడు, అది రెండోది. రెండొందలు పుచ్చుకుని నవ్వాడే, దాన్ని తప్పు అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు. "కొత్తవాణ్ణి కదండీ, ముందు నలుగురి ఇళ్ళల్లో నా ఫొటో ఉంటే చాలు" అన్నాడు నేనడిగితే. దీన్ని వినయం అంటారు మనవాళ్ళు. నేను భయం అంటాను. ఎక్కువ చెబితే కొనరేమోనన్న భయం, కొనకపోతే తన ఫొటో బాగాలేదని తేలిపోతుందేమోనన్న భయం. చవగ్గా ఇచ్చేస్తే ఆ పరీక్ష రాయక్కర్లేదు. రెండొందలకి కొన్నవాడు ఫొటో నచ్చి కొన్నాడో, రెండొందలే కదా అని కొన్నాడో ఎప్పటికీ తెలీదు. తెలియకపోవడంలోనే ఆ కుర్రాడికి హాయి.

సరే, లెక్కంటారా, లెక్కే వేద్దాం. ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలు, ఎవరి ఊళ్ళో రేట్లు వాళ్ళు వేసుకోండి. ల్యాబ్ బిల్లు 120. నాలుగు మంచివి చేతికి రావాలంటే రంగు తేడా కొట్టినదో, అంచు నలిగినదో ఒకటి పారేయాలి, దాని వంతు 30. మౌంట్ బోర్డు, వెనక అట్ట 150. ప్యాకింగు 50. ఇక్కడికే 350 అయింది. అంటే పెద్దాయనకి ఆ ప్రింటు అమ్మి కుర్రాడు నూట యాభై ఎదురిచ్చాడు. దానం చేశాడు, నెలకింత అని పెన్షను వస్తున్న మనిషికి.

ఇంకా కెమెరా దగ్గరికే రాలేదు. కెమెరా, లెన్సు కలిపి 90,000 అనుకుందాం. మూడేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తుంది, ఆ తర్వాత షట్టరో సెన్సరో మొరాయిస్తుంది. ఏడాదికి 60 ప్రింట్లు అమ్మగలిగితే, కొత్తవాడికి అది ఎక్కువే, మూడేళ్ళకి 180. ఒక్కో ప్రింటు నెత్తిన 500 పడింది. మొత్తం 850. ఆ పొగమంచు బొమ్మ కోసం తెల్లవారుజామున లేచి వెళ్ళినవీ, మంచు పట్టక ఉత్తచేతులతో వచ్చినవీ, కంప్యూటర్ ముందు నలుపు మరీ నల్లబడకుండా కుస్తీ పట్టినవీ కలిపి 30 గంటలనుకోండి. గంటకి 100 కట్టండి, మేస్త్రీ దగ్గర మాల్ కలిపే మనిషి కూడా నవ్విపోయే కూలి అది. మూడు వేలు. ఆ బొమ్మ పదిహేను మంది కొంటారనుకుంటే తలా 200. ఇప్పుడు 1,050.

ఈ ప్రింటుని లింక్ రోడ్డులోనో తెలీపారాలోనో ఫ్రేముల షాపులో పెట్టారనుకోండి. షాపువాడు ముప్ఫై శాతం తీసుకుంటాడు, తీసుకోవాలి, గోడ అతనిది, అద్దె అతనిది. 1,500కి అమ్మితే అతనికి 450 పోగా సరిగ్గా 1,050 మిగులుతుంది. లాభం అనే మాట ఇంకా పుట్టలేదు. 1,500 అంటే నష్టం రాని ధర, అంతే. కుర్రాడు చెప్పిన ఐదొందలు ఇందులో మూడో వంతు. పెద్దాయన ఇచ్చిన రెండొందలకి ఈ లెక్కలో పేరే లేదు.

ఇంట్లోంచి నేరుగా అమ్మితే షాపు వాటా మిగిలింది కదా, వెయ్యికే ఇచ్చేస్తే పోలా అంటారు. పోదు. షాపులో 1,500, వాట్సాప్‌లో 1,000 అని తెలిసిన మర్నాడే షాపువాడు మీ ఫొటోలు గోడ దించి చేతికిస్తాడు. బారా ఖోలీలో ఎంతో వ్యాపార్ విహార్‌లో అంతే ఉండాలి. చుట్టానికెంతో పరాయివాడికీ అంతే. స్లీపర్ క్లాసు టికెట్టుకి కౌంటర్లో బేరమాడిన తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. "మనోళ్ళకి ఎంత?" అని బుకింగ్ క్లర్కుని అడగని నోరు ఫొటోగ్రాఫర్నెందుకు అడుగుతుంది? కౌంటర్ మీద రేటు రాసి ఉంది, బల్ల మీద రాసి లేదు. అడిగే సందు కుర్రాడే ఇచ్చాడు.

ఈ జబ్బుకి మూలం పెళ్ళిళ్ళ వ్యాపారంలో ఉంది. పెళ్ళి ఫొటోగ్రాఫర్ ఎక్స్‌పోజింగ్‌కి ఒక రేటు చెబుతాడు, ఆల్బమ్‌కి ఒక రేటు చెబుతాడు. బేరం తెగకపోతే "ఒక 20 బై 30 లామినేషన్ ఫ్రీగా వేస్తానండి" అని ముడి వేస్తాడు. కూరలు కొన్నాక సంచిలో పడేసే కొసరు కరివేపాకైపోయింది ప్రింటు. ముప్ఫై ఏళ్ళుగా ఇలా ఫ్రీగా గోడకెక్కిన బొమ్మల్ని చూసి పెరిగిన జనం, ఇవాళ ఒక కుర్రాడు అదే సైజు కాగితం మీద ధర రాస్తే ఉలిక్కిపడరా మరి. పెళ్ళి ఫొటోగ్రాఫర్ కడుపు కొట్టాలని కాదు నా మాట. ఆయనకి పొద్దుటి స్నాతకం నుంచి అర్ధరాత్రి అప్పగింతల దాకా చేసిన కష్టానికి వేరే డబ్బు ముట్టింది. ప్రింటు ఊరికే ఇచ్చినా ఆయనకి గిట్టుతుంది. ఎవరూ పిలవకుండా, ఎవరూ అడ్వాన్సు ఇవ్వకుండా, తన బుద్ధికి తోచి అర్పా నది ఒడ్డుకో యార్డు పక్కకో వెళ్ళి తీసిన వాడికి ఆ ప్రింటే జీతం, అదే మైలేజీ, అదే టీఏ.

చట్టం కూడా ఈ తేడాని గుర్తించింది, మన కుర్రాళ్ళే గుర్తించలేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి, అడిగి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చిన మనిషే. మీ అంతట మీరు తీసిన ఫొటోకి హక్కుదారు మీరే. 2012 సవరణ తర్వాత ఆ హక్కు మీ జీవితకాలం, ఆపైన ఇంకో అరవై ఏళ్ళు ఉంటుంది. ప్రింటు కొన్నవాడు కాగితం కొన్నాడు. తన గోడకి తగిలించుకోవచ్చు, ఇంకొకరికి కానుకగా ఇవ్వొచ్చు. క్యాలెండరు మీద అచ్చేయడం కుదరదు. ఒక సంఘం వాళ్ళు నా దగ్గర ఒకే ఒక ప్రింటు కొని, దాన్ని స్కాను చేయించి, వందల క్యాలెండర్ల మీద వేసి, కింద స్పాన్సరు పేరు పెద్దక్షరాల్లో రాసి, నాక్కూడా ఒకటి పంపించారు. మీ ఫొటో ఎంతమంది ఇళ్ళకి వెళ్ళిందో చూశారా అని ఫోను కూడా చేశారు. చూశాను. అచ్చువేసిన ప్రెస్సుకి డబ్బు ముట్టింది, కాగితం వ్యాపారికి ముట్టింది, చిల్లుపెట్టి తగిలించే రేకు బిగించిన వాడికి కూడా ముట్టింది. అందుకే చెబుతున్నాను, ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో మీ పేరు, తీసిన ఏడాది, "పునర్ముద్రణకి అనుమతి కావాలి" అన్న మాట రాయండి. క్యాలెండరు వేస్తామన్న వాళ్ళకి వేరే రేటు చెప్పండి. సినిమావాళ్ళు స్టేషన్లో షూటింగు చేస్తామంటే రైల్వే ఏం చేస్తుంది? అనుమతి పత్రం రాయించుకుంటుంది, ఫీజు కట్టించుకుంటుంది. తన ప్లాట్‌ఫాం తెర మీద కనబడటానికి రైల్వేయే ధర కట్టినప్పుడు, ఆ ప్లాట్‌ఫాంని చూడటం నేర్చుకున్నవాడు ధర కడితే అత్యాశా?

"నా ఫోనులోనూ ఇలాగే వస్తుంది" అనేవాళ్ళు కొందరున్నారు. వస్తే తీసుకోండి. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి రాజ్‌నాంద్‌గావ్ వైపు సూపర్ వాసుకి నడిచింది కదా, ఐదు గూడ్సు బళ్ళు కలిపి ఒకే బండి. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, సుమారు 27,000 టన్నుల బొగ్గు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. పట్టాల పక్కన ఎవరి చేతిలో చూసినా ఫోనే. ఇప్పుడు ఆ వీడియోలు చూడండి, కదిలే గోడ ఒకటి కనిపిస్తుంది, గోడ ముందు ఎవరిదో బొటనవేలు. మూడున్నర కిలోమీటర్ల పొడవుని పద్దెనిమిది అంగుళాల కాగితంలో పట్టించాలంటే వంపు ఎక్కడుందో ముందు తెలియాలి, ఎండ ఎటునుంచి పడుతుందో తెలియాలి, ఇంజను పోయినా తోక కోసం నిలబడే ఓపిక ఉండాలి. ఫోనుకి ఓపిక ఉండదు. ఇంతకన్నా ఆ వాదనకి జవాబు అక్కర్లేదు.

మన నేల మీదే ధర తెలిసిన ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉండేవాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్. పుట్టింది మీరట్ దగ్గర సర్ధనాలో, చదివింది రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో, ఉద్యోగం ఇందోర్ పబ్లిక్ వర్క్స్‌లో. ఏం ఉద్యోగం? ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. ఇటుకకెంత, సున్నానికెంత, కూలికెంత అని కట్టడాలకి లెక్కలు కట్టడమే ఆయన కొలువు. నెలజీతం భద్రంగా ఉన్న సర్కారు నౌకరీ వదిలి, కెమెరానే జీవనాధారం చేసుకున్నాడు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు, 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇవాళ ఢిల్లీ ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. దీన్ దయాళ్ నవాబులకి తీశాడు కాబట్టి చెల్లింది అంటారేమో. సరే, నవాబులు లేరు. పే కమిషన్లున్నాయి.

ఇప్పుడు రెండో పక్కకి తిరుగుతాను. ఐదొందలు చెప్పడానికి వణికే కుర్రాడున్నట్టే, యాభై వేలు చెప్పడానికి వణకని కుర్రాడూ ఊళ్ళో తయారయ్యాడు. నెల్లాళ్ళ కిందట కెమెరా కొని, "లిమిటెడ్ ఎడిషన్, పదిలో ఒకటి" అని రాసి, ఇంగ్లీషులో సర్టిఫికెట్ అచ్చేయించి, తన బొమ్మ తక్కువ ఉంది కాబట్టి ఖరీదెక్కువ అంటాడు. నాయనా, పది మాత్రమే వేస్తానని నువ్వు ఒట్టేసుకోవడం కాదు, పదకొండోది కావాలని ఎవరైనా అడగాలి. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన హెర్నాండెజ్ చంద్రోదయం బొమ్మని జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. అన్ని వేసినా ఆ బొమ్మ ప్రింటు ఒకటి 2006లో సోద్‌బీస్ వేలంలో ఆరు లక్షల డాలర్లు దాటింది. ఎడిషన్ చిన్నదైనంత మాత్రాన ఖరీదు రాదు. ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు మళ్ళీ చూడాలనుకుంటే వస్తుంది. ఆ ఏళ్ళు గడవకముందే ఆ ధర చెప్పడం, టికెట్టు కొనకుండా ఏసీ బోగీ ఎక్కినట్టే. పట్టుకుంటారు.

రైలు ఊరివాళ్ళం కాబట్టి విన్‌స్టన్ లింక్ సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 1955 నుంచి 1960 దాకా అమెరికాలో నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వెంట, కనుమరుగవుతున్న ఆవిరి ఇంజన్లని రాత్రిళ్ళు ఫ్లాష్ బల్బులు వరసగా పేర్చి తీశాడు. ఎవరూ ఆర్డరివ్వలేదు, సొంత డబ్బు పెట్టుకున్నాడు. పొట్టకోసం అడ్వర్టైజింగ్ ఫొటోలు తీసుకున్నాడు. చాలా ఏళ్ళు మార్కెట్టు అటు తిరిగి చూడలేదు. 1980ల్లో చూసింది. ఆ తర్వాత వాటి విలువ ఎంతదాకా పోయిందంటే, ఆయన ప్రింట్లు దొంగిలించిందని మాజీ భార్యనే 1996లో కోర్టు దోషిగా తేల్చి జైలుకి పంపింది. రోనోక్ ఊళ్ళో పాత రైల్వే స్టేషన్ భవనంలోనే ఇప్పుడాయన మ్యూజియం ఉంది. మన దగ్గర ఆవిరి ఇంజన్ల రోజుల బిలాస్‌పూర్ యార్డు బొమ్మలు ఎవరి అటక మీదున్నాయో, ఎవరి అల్మారాలో చెదలు తింటున్నాయో. అప్పుడు తీసిన వాళ్ళకి ఎవరైనా ధర కట్టి ఉంటే, దాచుకోవాలని వాళ్ళకీ తోచి ఉండేది.

"అయితే మా కాలనీలో పదిహేనొందలు పెట్టి కొనేదెవరు?" ఇది ఒక్కటే నిజాయితీ ఉన్న ప్రశ్న, దీనికి జవాబు చెప్పాలి. నెలాఖరున ఖలాసీ ఇంట్లో పదిహేనొందలంటే మాటలు కాదు. అతనికి అమ్మొద్దనడం లేదు. ధర తగ్గించకండి, సైజు తగ్గించండి. 5 బై 7లో వేయండి, మౌంట్ కట్టకండి, రెండొందల యాభై అని రాయండి. చిన్న కాగితం ఖర్చు చిన్నది, చేతిలో పట్టే బొమ్మ అది, అద్దం పక్కనో దేవుడి పటం పక్కనో పెట్టుకుంటాడు. పెద్దది కావాలనుకున్న రోజు పెద్ద ధర ఇస్తాడు. ప్రపంచంలో పేరుమోసిన మ్యాగ్నమ్ సంస్థ ఫొటోగ్రాఫర్లు చేస్తున్నదీ ఇదే. 2014 నుంచి కొద్దిరోజుల పాటు మాత్రమే ఆరంగుళాల చదరపు ప్రింట్లు, సంతకంతోనో ముద్రతోనో, వంద డాలర్ల ధరతో మొదలుపెట్టి అమ్ముతూ వచ్చారు. వాళ్ళు కాగితం కుదించారు, గడువు కుదించారు. పెద్ద ప్రింటు ధర జోలికి పోలేదు. మన కుర్రాడు కాగితం అలాగే ఉంచి తనని తాను కుదించుకున్నాడు.

చవగ్గా ఇచ్చినవాడికి మంచి కాగితం మీద వేసే స్తోమత కూడా ఉండదు, ఇది ఎవరూ చెప్పరు. రెండొందలు వచ్చే చోట ఎవడైనా దొరికిన చవక ప్రింటే వేస్తాడు. రైల్వే క్వార్టర్స్ గోడలు వానాకాలంలో ఎలా చెమరుస్తాయో మనకి తెలుసు. గోడకి ఆనించి, ట్యూబులైటు కింద, కిటికీ ఎండకి ఎదురుగా తగిలించిన నాసి ప్రింటు కొన్నేళ్ళకే ఎరుపు పోయి పచ్చబడుతుంది, అంచుల్లో బూజు పడుతుంది. అప్పుడా ఇంటివాళ్ళు ఏమంటారు? "ఆ కుర్రాడి దగ్గర కొన్నాం, చూడు ఎలా అయిపోయిందో." రెండొందలకి బేరమాడిన సంగతి అప్పటికి గుర్తుండదు. పిగ్మెంటు ఇంకు, యాసిడ్ లేని కాటన్ కాగితం, గోడకి కాస్త ఎడం ఉంచే ఫ్రేము, వీటికి డబ్బవుతుంది. ఆ డబ్బు ధరలోంచే రావాలి, వాళ్ళ నాన్న పీఎఫ్ లోంచి కాదు.

ఈ ఊరు సాహిత్యంలోకి ఎక్కిందే ఒక ఎగవేతతో. టాగూర్ 1918లో వచ్చిన 'పలాతకా' సంపుటిలో 'ఫాంకి' అని ఒక కవిత రాశాడు, కథ నడిచేది మన బిలాస్‌పూర్ స్టేషన్లోనే. జబ్బుతో ఉన్న భార్య బీనుని గాలిమార్పుకి తీసుకెళ్తూ ఒక భర్త ఇక్కడ బండి మారాలి, గంటల తరబడి ఆగాలి. స్టేషన్లో రుక్మిణి అనే పేదరాలు కూతురి పెళ్ళికి పాతిక రూపాయలు కావాలని బీనుతో చెప్పుకుంటుంది. ఇచ్చి రమ్మంటుంది భార్య. సరేనని రుక్మిణిని పక్కకి తీసుకెళ్ళి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడాయన. పాతిక ఇచ్చాడనే నమ్మకంతోనే భార్య చనిపోతుంది. ఆయన తిరిగొచ్చి వెతికేసరికి రుక్మిణి ఊళ్ళో లేదు. బిలాస్‌పూర్ వాళ్ళు ఈ కవితని గర్వంగా చెప్పుకుంటారు, మహాకవి మన స్టేషన్ పేరు రాశాడని. అందులో మనకి కనబడాల్సింది స్టేషన్ పేరొక్కటేనా? పాతిక రూపాయల చోట రెండు పెట్టిన ఆ చెయ్యి ఇప్పటికీ ఈ ప్లాట్‌ఫాం మీద తిరుగుతూనే ఉంది. అడిగినంత ఇచ్చామన్న సంతృప్తితో ఇంటికెళ్తూనే ఉంది.

ఆ చెయ్యి అన్నిటికన్నా బాగా కనబడేది నెలాఖరు రోజున. రైల్వేలో పదవీ విరమణలన్నీ ఆ రోజే. ఏ ఆఫీసు చూసినా, ఏ షెడ్డు చూసినా హాల్లో కుర్చీలు, దండలు, శాలువాలు, సమోసాల ప్లేట్లు. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ మెమెంటో ఒకటి, ఇంటికెళ్ళిన వారానికి అటకెక్కేది. దాని బిల్లు కమిటీ మారుమాటాడకుండా కడుతుంది. కానీ ముప్ఫై ఐదేళ్ళు చేసిన మనిషిని, చివరి రోజు షెడ్డులో ఇంజన్ పక్కన నిలబెట్టి మనసుపెట్టి తీసి, ఫ్రేము కట్టి ఇస్తానని ఒక కుర్రాడు వస్తే, కార్యదర్శి గారి మొదటి మాట, "మన కాలనీ కుర్రాడివే కదరా, నీ పేరు స్టేజి మీద చెప్పిస్తాంలే."

కార్యదర్శి గారూ, శాలువా కొట్టువాడి పేరు స్టేజి మీద చెప్పించి శాలువా పట్టుకొచ్చారా? సమోసాలవాడికి చప్పట్లు కొట్టించి సరిపెట్టారా? మీ ఖర్చుల పుస్తకంలో దండకి ఒక పద్దుంది, మైకు సెట్టుకి ఒక పద్దుంది, కుర్చీల ఆటోకి కూడా ఉంది. వచ్చే నెల నుంచి ఫొటోకి కూడా ఒక పద్దు రాయండి. 12 బై 18, మౌంటు, ఫ్రేముతో సహా, మూడు వేలు. సగం అడ్వాన్సు. మీరొచ్చి "ల్యాబ్‌లో ఎంతైంది" అని అడిగితే, ఈసారి మావాడు చెప్పడు. అలా చెప్పొద్దని నేనే వాడింటికెళ్ళి చెప్పొచ్చాను. రేటు కార్డు కూడా నేనే రాయించాను, తెలుగులో, హిందీలో, పెద్ద అక్షరాల్లో.